దసరా మర్నాడు ఫెల్జర్‌వాల్డ్‌కి

2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది. మర్నాడు జర్మనీ ఏకీకరణ దినం, అదీ శుక్రవారం. మూడు రోజులు కలిసొచ్చాయి. అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి అప్పటికి ఐదు వారాలైంది. మన్‌హైమ్‌లో మా కిటికీ దగ్గర కూర్చుని ట్రామ్‌లు లెక్కపెట్టడం తప్ప పాపం ఆవిడకి వేరే కాలక్షేపం లేదు. "ఈ దేశంలో కొండలు లేవట్రా?" అంది ఓ రోజు.

కొండలంటే మనవాళ్లు నేరుగా బ్లాక్ ఫారెస్ట్‌కి వెళ్తారు. టిటిజే సరస్సు, కుకూ గడియారాలు, ఫొటోలు, తిరుగు ప్రయాణం. మేమూ రెండుసార్లు అదే చేశాం. కానీ మన్‌హైమ్ నుంచి రైన్ నది దాటి అరగంట పైచిలుకు రైల్లో పోతే నాయ్‌స్టాట్ వస్తుంది. ఆ ఊరి వెనకే ఫెల్జర్‌వాల్డ్ అడవి మొదలై ఫ్రాన్స్ సరిహద్దు దాటి వోజ్ కొండల్లో కలుస్తుంది. 1998 నుంచి రెండు దేశాల అడవీ కలిపి ఒకే యునెస్కో జీవావరణ ప్రాంతం. ఎత్తు పెద్దగా లేదు, అన్నిటికంటే పొడుగైన కాల్మిట్ కొండే 673 మీటర్లు. కానీ ఎటు చూసినా ఎర్ర ఇసుకరాయి, దాని మీద ఏదో ఒక కోట శిథిలం. అలిపిరి మెట్లు మూడుసార్లు ఎక్కినావిడకి ఇది లెక్కలోది కాదనుకుని బయల్దేరాం.

నాకూ మా ఆవిడకీ డాయ్చ్‌లాండ్ టికెట్ ఉంది (అప్పుడు నెలకి 58 యూరోలు, 2026 జనవరి నుంచి 63). ప్రాంతీయ రైళ్లన్నీ, బస్సులన్నీ అందులోనే వచ్చేస్తాయి. అమ్మకి ఏ రోజుకారోజు టికెట్ కొన్నాం.

మొదటి రోజు హంబాఖ్ కోట. నాయ్‌స్టాట్ స్టేషన్ ముందు నుంచి బస్సు నేరుగా కోట దాకా వెళ్తుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి దీన్ని మించింది లేదు. 1832 మే 27న ఇక్కడికి ఇరవై ముప్ఫై వేల మంది ఊరేగింపుగా ఎక్కి వచ్చారు. చిన్న చిన్న రాజ్యాలు పోయి ఒకే జర్మనీ కావాలి, పత్రికలకి స్వేచ్ఛ కావాలి అన్నారు. ఆ రోజు ఎత్తిన నలుపు, ఎరుపు, బంగారు రంగుల జెండాయే ఇప్పటి జర్మనీ జెండాకి మూలం. అసలు జెండా ఒకటి లోపల అద్దం వెనక ఉంది, రంగు వెలిసిపోయి, అంచులు చిరిగి. పోలాండ్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు కూడా ఆ ఊరేగింపులో తమ జెండాతో నడిచారట. ఏకీకరణ దినాన ఇంతకంటే సరైన చోటు లేదని నేను మురిసిపోయాను. జర్మన్లందరికీ అదే ఆలోచన వచ్చినట్టుంది, లోపల కాలు పెట్టే సందు లేదు. మ్యూజియం నిజంగా బాగుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు, చరిత్ర అంటే ఆవలించేవాళ్లు మాత్రం డాబా మీద నుంచి ద్రాక్షతోటలు చూసి కిందికి దిగిపోవచ్చు.

కోట వెనక నుంచి హోయె లోగ్ అనే కొండకి కాలిబాట ఉంది. దాదాపు 300 మీటర్ల ఎక్కుడు, మాకు గంటన్నర పట్టింది. దారి తప్పే భయం లేదు, చెట్ల మీద రంగు పట్టీలు, శిలువ గుర్తులు వేసి ఉంటాయి. ఒకటి పట్టుకుంటే అదే తీసుకుపోతుంది. పైన హ్యుట్టె ఉంది. ఈ హ్యుట్టె గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మూడు రోజుల్లో మాకు బాగా నచ్చినవి కోటలు కావు, ఇవి.

హ్యుట్టె అంటే అడవిలో నడిచేవాళ్ల కోసం కట్టిన సత్రంలాంటిది. ఎక్కువ భాగం 1902లో పుట్టిన ఫెల్జర్‌వాల్డ్ సంఘానివి. చాలాచోట్ల వండేది, వడ్డించేది ఆ ఊరి సభ్యులే, జీతాలు లేకుండా. 2021లో ఈ హ్యుట్టె సంప్రదాయాన్ని జర్మనీ తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. పద్ధతి సులువు: కిటికీ దగ్గర చెప్పు, అక్కడే డబ్బు కట్టు, నువ్వే మోసుకెళ్లు, తిన్నాక పళ్లెం నువ్వే తెచ్చి ఇవ్వు. కార్డు కాదు, నోట్లు ఉంచుకోండి. బల్లలు పొడుగ్గా ఉంటాయి, ఖాళీ ఉందా అని అడిగి ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోవడమే.

మా బల్ల దగ్గర నలుగురు పెద్దవాళ్లు ఒకే గ్లాసు చేతులు మార్చుకుంటూ తాగుతున్నారు. దాన్ని డుబ్బెగ్లాస్ అంటారు. అరలీటరు గ్లాసు, వేళ్లు జారకుండా ఒంటినిండా గుంటలు. అందులో ఉండేది వైన్, సోడా కలిపిన షోర్లె. సోడా పేరుకే. అందులో ఒకాయన నవ్వుతూ ఆ గ్లాసు అమ్మ వైపు జరిపాడు. మర్యాద చేస్తున్నాడాయన. అమ్మకి కనపడింది ఎంగిలి. "వద్దన్నానని చెప్పు, బాధపడకుండా చెప్పు" అంది నాతో. ద్రాక్షరసంలో సోడా కలిపింది విడిగా అడిగితే ఇస్తారు, అది తెచ్చాను. ఆయన గ్లాసుకి తన గ్లాసు తాకించింది. రాజమండ్రిలో ఎవరికీ చెప్పొద్దని నాకు ఆర్డరు.

శాకాహారులకి కష్టమే అనుకున్నాం, కానీ రెండు దొరికాయి. ఒకటి వైసర్ కేస్, అంటే గడ్డ పెరుగులాంటి దాంట్లో ఉల్లికాడలు కలిపి ఉడికించిన బంగాళాదుంపలతో ఇస్తారు. రెండోది డాంప్‌నూడెల్. పేరులో నూడెల్ ఉన్నా నూడుల్స్ కాదు, పిడికిలంత పులిసిన పిండి ముద్ద. మూత గట్టిగా ఉన్న పెనంలో నూనె, ఉప్పునీళ్లు పోసి ముద్దలు పెట్టి మూస్తారు. నీళ్లు ఇగిరే దాకా మూత తీయకూడదు. లోపల చిటపట మొదలైతే అయినట్టు. పైన ఇడ్లీలా తెల్లగా, మెత్తగా ఉంటుంది, అడుగున మాత్రం ఉప్పటి ఎర్ర పెచ్చు కడుతుంది. బంగాళాదుంప సూప్‌తోనో, తియ్యటి వనీలా సాస్‌తోనో తింటారు. సూప్‌లో సాసేజ్ ముక్కలు వేస్తారు, ముందే వద్దని చెప్పుకోవాలి. అమ్మ పెచ్చు ముందు తినేసి, "మూత తీయకపోవడమే దీని కిటుకు, మా అమ్మ దిబ్బరొట్టెకి కూడా ఇంతే" అంది. మా డబ్బాలో ఉన్న పులిహోర తీయొచ్చా అని కిటికీ దగ్గర అడిగితే, తాగడానికి ఇక్కడ కొన్నారుగా, తినండి అన్నారు.

అయితే హ్యుట్టెలు రోజూ తెరిచి ఉండవు. చాలావరకు శని, ఆది, కొన్ని బుధవారం కూడా. సాయంత్రం ఆరుకల్లా పొయ్యి ఆర్పేస్తారు. బయల్దేరే ముందు ఆ రోజు ఏవి తెరుస్తారో చూసుకోండి.

మేం కోట దగ్గరికి తిరిగి దిగేసరికి బస్సు లేదు. ఫోన్‌లో నేను దాచుకున్న టైంటేబుల్ మామూలు శుక్రవారానిది, సెలవు రోజున ఆదివారం బస్సులే తిరుగుతాయి. తప్పు నాదే. ద్రాక్షతోటల మధ్య నుంచి ఊళ్లోకి గంటంపావు నడిచాం. ఆకులు పసుపు తిరుగుతున్నాయి, కింద మైదానమంతా ఎండ. మా ఆవిడ ఫొటోలు తీసుకుంటూ వచ్చింది. అమ్మ మాత్రం స్టేషన్ దాకా నాతో మాట్లాడలేదు.

రాత్రి బస అన్‌వైలర్‌లో. లాండౌలో రైలు మారాలి. ఆ ఇల్లు ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించి పట్టేశాను. రెండు రాత్రులకి 170 యూరోలు, ఆఖర్న శుభ్రం చేసినందుకని ఇంకో 45. దుప్పట్ల గలీబులకి వేరే. తాళంచెవి పెట్టె చీకట్లో వెతుక్కున్నాం. వంటగది బ్రహ్మాండంగా ఉంది కానీ వండటానికి ఏమీ లేదు, ఎందుకంటే సెలవు రోజున షాపులన్నీ బంద్. ఆదివారం ఎలాగూ బందే. మూడు రోజుల్లో శనివారం ఒక్కటే సరుకులు దొరికే రోజని మాకు అప్పుడు తట్టింది. అమ్మ సంచీలో అటుకులు, ఆవకాయ ఉండబట్టి ఆ రాత్రి గడిచింది.

పైగా ఈ ప్రాంతంలో చాలా లాడ్జిలు, ఇళ్లు అతిథులకి ఫాల్ట్స్‌కార్డ్ అని ఒకటి ఉచితంగా ఇస్తాయి. దాంతో బస్సులూ రైళ్లూ ఉచితం, ఎన్నో కోటలకీ మ్యూజియాలకీ టికెట్ అక్కర్లేదు. మేం తీసుకున్న ఇంట్లో అది లేదు. లెక్క వేస్తే రోజుకి పది పదిహేను ఎక్కువైనా కార్డిచ్చే చోటే మేలు. నలుగురైదుగురు కుర్రాళ్లయితే నాయ్‌స్టాట్ యూత్ హాస్టల్ ఇంకా నయం. మెంబర్‌షిప్ కార్డు ఉండాలి గానీ పక్కబట్టలు, పొద్దున టిఫిన్ అందులోనే.

శనివారం వాన, ఈదురుగాలి. గాలి వేసే రోజున ఇక్కడ అడవిలోకి వెళ్లకూడదు, ఎండిన కొమ్మలు విరిగి పడతాయి. అందుకని ఆ రోజు ట్రీఫెల్స్ కోటకి కేటాయించాం. ఊరు దాటాక టాక్సీ, ఆఖర్న పార్కింగ్ నుంచి పావుగంట నిటారు ఎక్కుడు.

ట్రీఫెల్స్ పేరు మోసిన కోట. మూడో క్రూసేడ్ (జెరూసలేం కోసం చేసిన మతయుద్ధం) నుంచి తిరిగి వస్తున్న ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ని 1192 డిసెంబర్‌లో వియన్నా దగ్గర పట్టుకుని, జర్మన్ చక్రవర్తి ఆరో హెన్రీకి అప్పగించారు. 1193 వసంతంలో ఆయన్ని ఉంచింది ఇక్కడే, కొన్ని వారాలు. విడుదలకి ఇంగ్లండ్ కట్టిన వెండితో హెన్రీ 1194లో సిసిలీ మీదికి దండెత్తి గెలిచాడు, ఆ దోపిడీ సొమ్ము మళ్లీ ఈ కొండకే చేరింది. చక్రవర్తుల కిరీటంలాంటి రాజచిహ్నాలు కూడా చాలాకాలం ఇక్కడే భద్రపరిచారు. ఇప్పుడున్నవి నకళ్లు, అసలువి వియన్నాలో. కిరీటం మాత్రం దగ్గర్నుంచి చూడాలి. గుండ్రంగా ఉండదు, ఎనిమిది రేకులు కీలు పెట్టి కలిపినట్టు ఎనిమిది పలకలుగా ఉంటుంది. "నకలుకే ఇంత కాపలానా" అంది అమ్మ.

అసలు సంగతేంటంటే, కోటలో చాలా భాగం కూడా నకలే. 1602లో పిడుగు పడి కాలిపోయింది. ఆ పెద్ద హాలు 1938 నుంచి నాజీల కాలంలో కట్టింది, పాతదాన్ని పునరుద్ధరించడానికి కాదు, ఒక జాతీయ గుడి కట్టుకోవడానికి. లోపల బోర్డులు ఆ విషయం దాచవు, అది మెచ్చుకోవాలి. పాతరాయి చూడాలంటే చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) ఉన్న బురుజు దగ్గరే నిలబడండి. ఆ రోజు మబ్బు కమ్మేసి కిటికీలోంచి తెలుపు తప్ప ఏమీ కనబడలేదు. వెళ్లాల్సిన చోటే, కానీ దీన్ని చూడాల్సింది లోపలి నుంచి కాదని మర్నాడు తెలిసింది.

ఆదివారం వాన వెలిసింది. ట్రీఫెల్స్‌కి ఎదురుగా రేబెర్గ్ అని 577 మీటర్ల కొండ. టికెట్ లేదు, గేటు లేదు, కేఫ్ లేదు. తడి ఆకుల మీద జారుతూ ఎక్కితే, శిఖరం మీద ఓ చిన్న రాతి బురుజు, ఇరుకు మెట్లు. పైకొచ్చి చూస్తే లోయ నిండా మంచు, దాని మీద మూడు కొండలు ఒకే వరసలో తేలుతున్నాయి: ట్రీఫెల్స్, అనెబోస్, షార్ఫెన్‌బెర్గ్. మూడోదాన్ని ఇక్కడివాళ్లు ముంట్స్ అంటారు, అంటే టంకసాల. అన్‌వైలర్‌కి 1219లోనే పట్టణ హోదాతో పాటు నాణేలు ముద్రించుకునే హక్కు దొరికింది. నిన్న లోపల తిరిగిన హాలు ఇక్కణ్ణుంచి వేలెడంత ఉంది, పాతదో కొత్తదో తేడా తెలియదు. మేం వెళ్లేసరికి అక్కడ ఉన్నది ఒక్క జంట. ఎవరైనా నన్ను ఒక్కచోటే చెప్పమంటే ఇదే చెప్తాను. టైముంటే మాడెన్‌బుర్గ్ శిథిలాలకి కూడా వెళ్లేవాళ్లం, అక్కణ్ణుంచి రైన్ మైదానం బాగా కనిపిస్తుంది.

దిగేటప్పుడు దారంతా చెస్ట్‌నట్‌లు. వీళ్ల యాసలో కెష్డె. రోమన్లు నాటి వెళ్లిన చెట్లంటారు. పైతొక్క ఆముదం కాయలా ముళ్లు ముళ్లుగా ఉంటుంది, బూటుతో తొక్కితే గోధుమరంగు గింజలు జారి పడతాయి. ఇంట్లో తినడానికి కొద్దిగా ఏరుకోవచ్చు. అమ్మ "కొద్దిగా" అంటూనే చీర కొంగు నింపింది. ఇంటికొచ్చాక అందరూ కాళ్లు, మెడ, చెవుల వెనక చూసుకున్నాం, గడ్డిలో పిడుజులు ఉంటాయి కాబట్టి. మా ఆవిడ మడమ మీద ఒకటి దొరికింది.

రాత్రి ఆ గింజల్ని ఓవెన్‌లో వేయించాం. రుచి అచ్చం కాల్చిన పనసపిక్కలే. వేసే ముందు ఒక్కోదానికీ కత్తితో గాటు పెట్టాలని పక్కింటావిడ చెప్పింది. అమ్మ తొందరలో ఒకటి వదిలేసింది. అది ఢామ్మని పేలింది. ఓవెన్ తుడవడానికి అరగంట పట్టింది.