హైదరాబాద్‌లో ఒక్క పూటే ఉంటే: గోల్కొండా, సాలార్‌జంగా?

పొద్దున్నే తీరిక దొరికితే గోల్కొండ. ఎండ ముదిరాక కోటలో కొండమీదున్న బాలా హిస్సార్‌కి మెట్లెక్కితే సగంలోనే ఆయాసం, నీడ తక్కువ. మనిషికో లీటరు నీళ్లు, జారని చెప్పులు తప్పనిసరి. కోట ముఖద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండపైన వినిపిస్తుంది, కానీ జనం గోలలో ఆ సంగతి తేలదు. తలుపులు తీయగానే వెళ్లాలి. దిగేటప్పుడు రామదాసు చెర చూడండి.

మధ్యాహ్నమైనా, వానైనా, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు వెంట ఉన్నా సాలార్‌జంగ్ మ్యూజియమే. శుక్రవారం సెలవు, మరిచిపోయి గేటు దాకా వెళ్లకండి. సంగీత గడియారంలోంచి చిన్న బొమ్మ వచ్చి గంటగంటకీ గంట కొడుతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు గనుక అప్పుడే జనం ఎగబడతారు. పావుగంట ముందే చోటు పట్టండి. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన మేలిముసుగు రెబెకా విగ్రహాన్ని మాత్రం వదలొద్దు. పలచగా కనిపించే ఆ ముసుగూ పాలరాయే!