నాలుగు ఈకల తోక కోసం పెరూ కొండల్లోకి

మా పెరట్లో మందారాల మీద వాలే తేనెపిట్టే హమ్మింగ్‌బర్డ్ అనుకుంటూ పెరిగాను. కాదట. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండవు. డాలస్ వచ్చాక బాల్కనీలో చక్కెర నీళ్ళ ఫీడర్ కట్టడంతో మొదలైన పిచ్చి, ముదిరి ముదిరి ఈ జులైలో ఉత్తర పెరూ దాకా లాక్కెళ్ళింది.

వెళ్ళింది మార్వెలస్ స్పాట్యులెటైల్ అనే హమ్మింగ్‌బర్డ్ కోసం. 1835లో శాస్త్రజ్ఞుల కంటపడిన ఈ పిట్ట ఉత్తర పెరూలో ఉత్కూబాంబా నది చుట్టుపక్కల కొండల్లోనే కనిపిస్తుంది. బరువు మూడు గ్రాములు. తోకలో ఉండేవి నాలుగే ఈకలు. మగపిట్టకి అందులో రెండు ఒంటికంటే పొడుగ్గా తీగల్లా సాగి, కొసల్లో ఊదా నీలం బిళ్ళలతో వేలాడుతుంటాయి.

లిమా నుంచి తారపోతోకి విమానంలో గంట పైచిలుకు. అక్కడినుంచి పిట్ట ఉండే పోమకోచాస్ అనే ఊరు ఐదు గంటల దారి అన్నారు. ముందే డబ్బు కట్టిన కారు రానేలేదు, ఇంకోటి మాట్లాడుకుని బయల్దేరితే రోడ్డు పనుల వల్ల ఏడు గంటలైంది. ఆ రాత్రి సరస్సు పక్కన ఒక హోటల్లో దిగాం. వేడినీళ్ళన్నారు, లేవు. కరోకే మాత్రం రాత్రి ఒంటిగంట దాకా ఉచితం!

పొద్దున్నే దగ్గర్లోని ఉయెంబో రిజర్వుకి మారిపోయాం. అసలు మొదటి రాత్రే అక్కడ ఉండాల్సింది. ఎకోయాన్ అనే పెరూ సంస్థ, పోమకోచాస్ ఊరివాళ్ళతో ఒప్పందం చేసుకుని సుమారు 100 ఎకరాలు కాపాడుతోంది. గదులు కొన్నే, సాదాగా ఉన్నా శుభ్రంగా ఉన్నాయి. శాకాహారులకి అన్నం, చిక్కుడు గింజలు, వేయించిన అరటికాయ, అంతే. నా సంచిలో కందిపొడి ఉంది కాబట్టి గొడవ లేదు.

ఫీడర్ల ముందు బెంచీ మీద కూర్చుని కదలకపోవడమే ఇక్కడ పని. స్పార్క్లింగ్ వయొలెటియర్ అనే రౌడీ హమ్మింగ్‌బర్డ్ ఎవర్నీ దగ్గరకి రానివ్వదు. మన పిట్ట పొదల్లో పొంచి ఉండి, రౌడీ అటు తిరగ్గానే వచ్చి, పది సెకన్లు తాగి మాయం. పొదల నీడలో వెలుతురు తక్కువ. ఫ్లాష్ వాడబుద్ధి కాలేదు. కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురుని పట్టే శక్తి) 6400కి పెంచినా షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు దాటలేదు. రెక్కలు మసక, కళ్ళు స్పష్టం. నాకది చాలు. పక్కన ఒకాయన ఫోన్లో పిట్ట కూత వినిపించి పిలవబోతే కాపలా అతను వచ్చి నవ్వుతూనే ఆపించేశాడు. ఆ ఒక్క పనికే టికెట్ డబ్బులు చెల్లిపోయాయనిపించింది.

ఒకప్పుడు మగపిట్ట గుండె ఎండబెట్టి తింటే మగతనం పెరుగుతుందని నమ్మి, కుర్రాళ్ళు రబ్బరు ఉండేలుతో కొట్టేవాళ్ళట. ఇప్పుడు అంతకంటే పెద్ద ముప్పు పచ్చిక బయళ్ళు. దారి పొడవునా పశువుల కోసం కొండల్ని గుండు గీసినట్టు నరికేశారు. రిజర్వు తరఫున ఇక్కడి జాతుల చెట్లూ పొదలూ 30,000కి పైగా నాటారు. ఈ పిట్టకి దట్టమైన అడవే అక్కర్లేదు, అడవి అంచున పొదలూ, ఎర్రగా పూసే బొమారియా తీగా ఉంటే బతికేస్తుంది. నరికేటప్పుడు ముందు పోయేవి అవే.

చివరి రాత్రి అదే సంస్థ, ఎకోయాన్, అబ్రా పత్రీసియా అనే కొండ కనుమ దగ్గర నడిపే ఔలెట్ లాడ్జిలో గడిపాం. అక్కడ సౌకర్యాలు మెరుగే, అడవీ గొప్పదే, ఖర్చూ ఎక్కువే. ఇంట్లోవాళ్ళతో వెళ్తే అక్కడ ఉండి, కారులో ఉయెంబోకి వచ్చిపోవచ్చు. ఫోటోల కోసమే అయితే ఉయెంబోలో రెండు రాత్రులు ఉండండి. మొదటి రోజు నాకు దక్కినవన్నీ ఆడపిట్టలూ ఖాళీ కొమ్మలే. రెండో రోజు మబ్బు పట్టాక, వయొలెటియర్ ఎటో వెళ్ళిన కాసేపట్లో మగపిట్ట మూడుసార్లు వచ్చింది. వాటిలో బాగా పడిన ఫోటోలో బిళ్ళ ఒక్కటే ఉంది, రెండోది ఫ్రేము దాటిపోయింది.