ఆటో హైబీమ్: మూడేళ్ళ వాడకం తర్వాత

ఎదురు బండి కనబడితే హైబీమ్‌ను తనే డిమ్ చేసి (అంటే లోబీమ్‌కి దించి), దారి ఖాళీ అయితే తనే మళ్ళీ వేసే ఫీచరే ఆటో హైబీమ్. దాని గురించి ముందే తేల్చి చెప్పేస్తాను. ఖాళీగా ఉన్న హైవే మీద ఆటో హైబీమ్ బాగా పనిచేస్తుంది. డివైడర్ లేని రోడ్డెక్కితే నేను ఆపేస్తాను. బెంగళూరు ఊళ్ళో దాంతో పనే లేదు. కానీ దాంతోపాటు వచ్చిన బై-ఎల్ఈడీ ప్రొజెక్టర్ లైట్లు (లోబీమ్, హైబీమ్ రెండూ ఒకే ఎల్ఈడీ వెలుగుతో, ఒకే లెన్స్ గుండా వచ్చేవి) మాత్రం ఇక వదలబుద్ధి కాదు.

నా ఆఫీసు మహదేవపురలో, సొంతూరు మదనపల్లె అవతల. శుక్రవారం సాయంత్రం బయల్దేరితే టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్ దాటేసరికే చీకటి పడిపోతుంది. హొసకోట, చింతామణి మీదుగా పోతాను. హైదరాబాదు వెళ్ళాల్సి వస్తే బాగేపల్లి, పెనుకొండ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి. ఈ రెండు దారుల్లో ఈ ఫీచర్ రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

ఇంతకు ముందు నాకున్న చిన్న కారులో మామూలు హెచ్4 బల్బు ఉండేది. 1971లో వచ్చిన డిజైన్ అది. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, 60 వాట్లది హైబీమ్‌కి, 55 వాట్లది లోబీమ్‌కి. లోబీమ్ ఫిలమెంట్ కింద దొన్నెలా వంచిన చిన్న రేకు ఉంటుంది. వెలుగు రిఫ్లెక్టర్ (బల్బు వెనక మెరిసే గిన్నె) కింది సగం మీద పడకుండా అది అడ్డుకుంటుంది. పడనిస్తే అక్కడి నుంచి పైకి లేచి ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడుతుంది. ఆ రేకు ఒక అంచు 15 డిగ్రీలు వాలుగా ఉంటుంది కాబట్టి మన రోడ్ల మీద లోబీమ్ ఎడమ పక్కన కాస్త పైకి లేచి, రోడ్డు అంచున నడిచేవాళ్ళను, కిలోమీటరు రాళ్ళను చూపిస్తుంది. హైబీమ్ ఫిలమెంట్‌కి ఆ అడ్డు లేదు. స్టీరింగ్ పక్కనున్న లివర్ నెడితే కరెంటు ఈ ఫిలమెంట్ వదిలి ఆ ఫిలమెంట్‌కి పోతుంది, అంతే.

ఇప్పటి బండిలో ఫిలమెంట్ల గొడవే లేదు. లోబీమ్‌కీ హైబీమ్‌కీ వెలుగు ఒకటే, ముందు గుండ్రటి లెన్స్, మధ్యలో కదిలే ఒక రేకు. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో గోడకు ఎదురుగా బండి ఆపి చూస్తే సంగతంతా తెలిసిపోతుంది. లోబీమ్‌లో గోడ మీద గీత గీసినట్టు కింద తెలుపు, పైన చీకటి. ఎడమ వైపు ఆ గీత మెట్టెక్కినట్టు కొంచెం పైకి పోతుంది. లివర్ ముందుకు నెడితే బానెట్ దగ్గర సన్నగా టిక్‌మంటుంది, రేకు పక్కకు తప్పుకుంటుంది, పైనున్న పైపులు, పిల్లర్ నంబర్లు అన్నీ వెలిగిపోతాయి. రేకును లాగేది సోలనాయిడ్, అంటే కరెంటు అందితే లాగే అయస్కాంతం. దానికి కరెంటు అందకపోతే స్ప్రింగ్ రేకును మళ్ళీ అడ్డంగా నిలబెడుతుంది. అంటే ఆ భాగం చెడిపోయినా లైటు లోబీమ్‌లోనే ఆగుతుంది. ఇన్నాళ్ళలో అది ఒక్కసారి కూడా మొరాయించలేదు.

పాత బల్బు తీసేసి ఎల్ఈడీ బల్బు వేయించుకుంటే ఇదే ఫలితం వస్తుందనుకునేవాళ్ళకు ఒక మాట. మా చిన్నాన్న కొడుకు జేసీ రోడ్డులో ఒక షాపులో హెచ్4 హోల్డర్‌లోకి ఎల్ఈడీ కిట్ పెట్టించుకొచ్చాడు. "పట్టపగల్లా ఉందన్నా" అన్నాడు. "ఆ మాట ఎదురొచ్చేవాణ్ణి అడగరా" అన్నాను. అదే గోడ ముందు పెట్టి చూస్తే గీత మాయం, వెలుగు నాలుగు పక్కలా చెదిరిపోయింది. ఆ రిఫ్లెక్టర్ లెక్కంతా సన్నటి ఫిలమెంట్ ఏ చోట ఉంటుందో దాన్నిబట్టి వేసింది. ఎల్ఈడీ చిప్పులు ఆ చోటు నుంచి కొంచెం అటూ ఇటూ ఉన్నా లోబీమ్ కూడా హైబీమ్‌లాగే కొడుతుంది. ఆ షాపువాడు ఇదేమీ చెప్పలేదు, చెప్తే కిట్ అమ్ముడుపోదు కదా.

ఇక ఆటో సంగతి. ముందు అద్దం మీద, రియర్‌వ్యూ మిర్రర్ వెనక ఒక కెమెరా ఉంటుంది. ఎదురు బండి హెడ్‌లైట్లు, ముందు బండి ఎర్ర లైట్లు కనబడితే డిమ్ చేస్తుంది, దారి ఖాళీ అయితే మళ్ళీ హైబీమ్ వేస్తుంది. మా బండిలో స్పీడు 40 దాటితేనే పని మొదలుపెడుతుంది, వీధి దీపాలుంటే లోబీమ్‌లోనే ఉండిపోతుంది. ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో జనరల్ మోటర్స్ 1952లోనే 'ఆట్రానిక్ ఐ' పేరుతో డాష్‌బోర్డు మీద వెలుగును పసిగట్టే ఫోటోట్యూబ్ పెట్టి ఈ పని చేయించింది.

బాగేపల్లి దాటాక, బండ్లు పలచబడే వేళలో దీన్ని మెచ్చుకోకుండా ఉండలేం. ఒక బండి కోసం డిమ్ చేశాక తిరిగి హైబీమ్ వేయడానికి మనం బద్ధకిస్తాం, పది నిమిషాలు అలాగే పోతాం. ఇది మాత్రం ఆ బండి దాటీ దాటగానే వేసేస్తుంది. నేను చేత్తో వాడే రోజుల కంటే ఇప్పుడు రోడ్డు ఎక్కువ దూరం కనబడుతోందన్నది నిజం.

కానీ అదే హైవేలో డివైడర్ మీద గన్నేరు చెట్లు గుబురుగా పెరిగిన చోట దీనికి ఏమీ అర్థం కాదు. అవతలి లారీ హెడ్‌లైట్లు ఆకుల వెనక దాక్కుంటాయి కాబట్టి దారి ఖాళీ అనుకుంటుంది. లారీ డ్రైవరేమో చెట్ల కంటే ఎత్తులో కూర్చుని ఉంటాడు, మన హైబీమ్ నేరుగా ఆయన మొహం మీదే. ఆయన లైట్లు కొట్టి తిడతాడు, న్యాయమే. వెనక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని రాయించుకుని తిరిగేది ఆయనే మరి.

చింతామణి దాటాక రెండు లేన్ల రోడ్డు మీద ఇంకా కష్టం. ఆ రోడ్డు మీద మా నాన్న పక్క సీట్లో ఉంటే కెమెరా కంటే ముందు ఆయనే "డిమ్ కొట్టురా" అంటాడు. ఆయన అంబాసిడర్ నడిపిన మనిషి. ఆ బండికి డిమ్-డిప్ స్విచ్ క్లచ్ పక్కన నేల మీద ఉండేది, ఎడమ కాలితో నొక్కాలి. రోడ్డు ఎత్తెక్కి దిగేచోట అవతలి బండి ఇంకా కనబడదు, కానీ పైన చింతకొమ్మల మీద వెలుగు పాకుతూ ఉంటుంది. ఆయన చూసేది ఆ కొమ్మల్ని. కెమెరాకి బల్బే కనబడాలి. బల్బు కనబడి అది తేరుకునేలోపు ఎదుటి టమాటా పికప్ డ్రైవరుకు రెండు క్షణాలు కళ్ళు బైర్లు కమ్ముతాయి. అంత ఇరుకు రోడ్డు మీద రెండు క్షణాలంటే తక్కువేం కాదు.

లైటు లేని సైకిలు, ఎద్దులబండి, నడిచిపోయే మనిషి దానికి లెక్కలోకే రారు. పైగా మలుపుల దగ్గర మెరిసే బోర్డులను చూసి ఏదో బండి వస్తోందనుకుని డిమ్ చేసేస్తుంది, సరిగ్గా వెలుగు కావాల్సిన చోటే. వర్షంలో, అద్దం మీద దుమ్ము పట్టినప్పుడు ఎలాగూ చేతులెత్తేస్తుంది.

ఆటోలో ఉండగా చేత్తో ఒకసారి మార్చామంటే ఇక మాన్యువల్‌లోనే ఉండిపోతుంది. మళ్ళీ ఆటోకి పోవాలంటే లివర్ ఇంకోసారి నెట్టాలి. ఇప్పుడు ఏ మోడ్‌లో ఉందో తెలుసుకోవడానికి మీటర్‌లో చీమ తలకాయంత పచ్చ గుర్తు. రాత్రి నడిపేవాడు దాన్ని వెతుక్కోవాలా, రోడ్డు చూడాలా?

దీనికంటే ఎక్కువ పనికొచ్చేది, ఎవరూ ముట్టుకోనిది, స్టీరింగ్ పక్కనున్న చిన్న చక్రం. 0 నుంచి 3 దాకా అంకెలుంటాయి. ఊరి నుంచి వచ్చేటప్పుడు వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో బియ్యం మూటలు ఉంటే బండి వెనక్కి కుంగి లోబీమ్ కూడా పైకి లేస్తుంది. అప్పుడు చక్రాన్ని 2కో 3కో తిప్పితే వెలుగు కిందికి దిగుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వది చెప్పేదీ ఇదే: ముందు 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు రాకూడదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద హైబీమ్ వేసి ఉందని మీటర్‌లో నీలం లైటు వెలుగుతున్నా పట్టించుకోకుండా పోయేవాళ్ళకు ఈ నిబంధన గురించి ఎవరు చెప్పాలో మరి.

ముందు అద్దం పగిలి మార్పిస్తే కెమెరాను మళ్ళీ క్యాలిబ్రేట్ చేయించాలి, అంటే దాని గురి సరిచేయించాలి; ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో అదీ కలిపి రాయించుకోండి. కొత్తగా కొనేవాళ్ళయితే పగటిపూట టెస్ట్ డ్రైవ్‌తో సరిపెట్టుకోవద్దు, రాత్రి ఎనిమిది తర్వాత బండి అడగండి. ఆటో హైబీమ్ కోసమే పై వేరియంట్‌కి పోవాల్సి వస్తే వద్దు. ప్రొజెక్టర్ లైట్లు పై వేరియంట్‌లోనే ఇస్తుంటే మాత్రం ఆ డబ్బు పెట్టొచ్చు.