ఆ షాపుకి మీ ఫైటర్ చేపని చూపించడానికి తీసుకెళ్ళకండి

ఆదివారం జరిగింది. ఇవాళ గురువారం. నాలుగు రోజులైనా కోపం తగ్గలేదు, కాబట్టి ముందూ వెనకా కలిసిపోతే ఏమీ అనుకోకండి.

షాపు పేరు రాయడం లేదు. హైదరాబాద్‌లో చేపలు పెంచేవాళ్ళు చాలామందికి చదువుతుంటేనే తెలిసిపోతుంది. మెట్లు దిగి లోపలికి వెళ్తే ఎడమవైపు గోడ నిండా ప్లాస్టిక్ గ్లాసుల్లో ఫైటర్లు పేర్చి ఉంటాయి, అదే. రెండు నెలల కింద అక్కడే 350 రూపాయలకి హాఫ్‌మూన్ రకం మగ ఫైటర్ ఒకటి కొన్నాను. నీలం ఒళ్ళు, తోక అంచున ఎరుపు. తోక పూర్తిగా విప్పితే అర్ధచంద్రాకారంలో విసనకర్రలా ఉంటుంది. మా పాప నెమలి అని పేరు పెట్టింది. 20 లీటర్ల ట్యాంకు, స్పాంజ్ ఫిల్టర్ అన్నీ అమర్చాను. పోయిన వారం అదే షాపులో 120 పెట్టి ఒక ప్లాస్టిక్ మొక్క తెచ్చి ట్యాంకులో పెట్టాను. ఆకుల అంచులు గరుకుగా ఉన్నాయని చూసుకోలేదు. రెండు రోజులకి తోక కింది వైపు చిన్న చీలిక కనిపించింది. మొక్క తీసేశాను. చీలిక అర సెంటీమీటరు కూడా లేదు. అలా వదిలేసి నీళ్ళు శుభ్రంగా ఉంచితే సరిపోయేదని ఇప్పుడు తెలిసింది. అప్పుడు తెలియక భయపడి, అనుభవం ఉన్న మనిషి కదా ఒకసారి చూస్తాడని చేపని హార్లిక్స్ సీసాలో వేసుకుని, పాపని వెంటబెట్టుకుని వెళ్ళాను.

షాపులో అప్పటికే ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు ఉన్నారు. "అన్నా, ఇవి నిజంగా కొట్టుకుంటాయా?" అని అడుగుతున్నారు. ఓనరు నా చేతిలోంచి సీసా తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. "ఏం కాలే మేడం, డల్ అయింది అంతే. జర రేపితే మంచిగైతది" అన్నాడు. ఆ మాట నాకు అర్థమయ్యేలోపే సీసా మూత తీసి, నీళ్ళతో సహా నెమలిని పక్కనున్న గాజు తొట్టిలోకి ఒంపేశాడు. అందులో ఒక ఎర్ర మగ ఫైటర్ ఉంది.

"చూడున్రి" అన్నాడు. నాతో కాదు, ఆ కుర్రాళ్ళతో.

మీరు చూసే ఉంటారు, మొప్పలు రెండూ విప్పి గడ్డంలా చేసుకుని ఎలా ఎదురుపడతాయో. థాయ్‌లాండ్ వరిమళ్ళలో, చెరువుల్లో అయితే ఓడిన చేప గడ్డిలోకి పారిపోతుంది. జానెడు తొట్టిలో ఎక్కడికి పోతుంది? అసలే చిరిగిన తోకతో ఉన్నది, సీసాలో ఊగి ఊగి వచ్చింది. ఎర్రది నేరుగా తోక పట్టుకుంది. ఒక కుర్రాడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. నేను "తీయండి, తీయండి" అని అరిచి తొట్టిలో చెయ్యి పెట్టబోతే ఓనరు నా మణికట్టు పక్కకి తోసి ఏమన్నాడో తెలుసా? "చెయ్యి పెట్టకు మేడం, నీళ్ళు పాడైతయ్."

నీళ్ళు పాడవుతాయట.

వల వేసి పైకి తీసేసరికి తోకలో మూడు ముక్కలు లేవు. తోకలో సన్నగా పుల్లల్లా ఉండేవి రెండు విరిగి వేలాడుతున్నాయి. ఎంతసేపు జరిగిందో చెప్పలేను, నిమిషం కూడా అయి ఉండదు. పాప వెక్కి వెక్కి ఏడుస్తోంది. అతను నవ్వుతూ "తోక మళ్ళొస్తది మేడం, గోర్లు పెరుగుతలేవా? గింత చేపకి గింత ఏడుపేంది పాపా? ఇది ఇచ్చేసి ఇంకోటి తీస్కపో, వంద తక్కువ జేస్త" అన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లతో ఆ మాట అన్నాడు. పాప సీసాని రెండు చేతులతో గుండెకి హత్తుకుంది, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఇక నా తప్పు. దీని గురించి రాయకుండా ఉండలేను. అంత జరిగాక కూడా నేను వెంటనే బయటికి రాలేదు. "ఇన్ఫెక్షన్ రాకుండా ఇది వెయ్యి" అని ఒక చిన్న ప్లాస్టిక్ సీసా ఇచ్చాడు. పసుపు రంగు మందు, 180 రూపాయలు. లేబుల్ లేదు, పేరు లేదు, తేదీ లేదు. బిల్లు అడిగితే ఇవ్వలేదు. అయినా తీసుకున్నాను. చేప ఎక్కడ చచ్చిపోతుందో అన్న భయంలో బుర్ర పనిచేయలేదు. "ఒక మూత వెయ్యి" అన్నాడు, రాత్రి వేశాను. ఎన్ని లీటర్లకి మూత అని కూడా అడగలేదు. తెల్లారి చూస్తే నెమలి అడుగున పక్కకి ఒరిగి పడుంది. నా ఇంట్లో, నా చేతులతో పోసిన మందు అది. ఆ పొద్దుటి సంగతి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మా ఆఫీసులో చాలా ఏళ్ళుగా చేపలు పెంచే సార్ ఒకాయన ఉన్నారు. ఫోన్ చేశాను. "మందు పేరేంటమ్మా? ఎంత నీటికి ఎంత?" అని అడిగారు. రెండూ చెప్పలేకపోయాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కేకలు వేయకుండా, ఏం చేయాలో ఒక్కొక్కటీ చెప్పారు. ఆయన రుణం తీర్చుకోలేను.

నెమలిని మందు నీళ్ళలోంచి తీసి 10 లీటర్ల టబ్బులోకి మార్చాం. నల్లా నీళ్ళలో క్లోరిన్ పోవడానికి యాంటీ క్లోరిన్ వేసి, ట్యాంకు నీటి వేడికి సరిపోయేలా చూసి పోశాం. నాలుగు లీటర్లకి ఒక టీస్పూను చొప్పున అయోడిన్ కలపని రాళ్ళ ఉప్పు, విడిగా కరిగించి, ఒకేసారి కాకుండా రోజంతా కొంచెం కొంచెంగా పోశాం. ఈ ఉప్పు పది రోజులకి మించి ఉంచొద్దన్నారు. మా వీధి చివర నాటు బాదం చెట్టు ఉంది. దాని కింద రాలి ఎండిన ఆకు ఒకటి కడిగి వేశాం. నీళ్ళు టీ రంగులోకి మారతాయి, కంగారు పడొద్దు, అది ఫైటర్లకి మంచిదే. ఈ చలికి రాత్రిళ్ళు నీళ్ళు బాగా చల్లబడుతున్నాయి, అందుకే హీటర్ 27 డిగ్రీలకి పెట్టాం. రోజూ మూడో వంతు నీళ్ళు మార్చి, మార్చిన నీటికి సరిపడా ఉప్పు మాత్రమే కలుపుతున్నాం. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారట, ప్రతిసారీ మొత్తం టబ్బుకి లెక్కగట్టి ఉప్పు వేసేస్తారట.

రోజూ టార్చి వేసి తోక అంచు చూస్తున్నాను. అంచు నల్లగానో ఎర్రగానో మారి, చిరుగు ఒంటి వైపు తినుకుంటూ పోతే అది కుళ్ళు. అప్పుడు లేబుల్ మీద పేరున్న మందు, డోసు తెలుసుకుని వాడాలి. కుళ్ళు తోక మొదలు దాకా పోతే అక్కడ మళ్ళీ పెరగకపోవచ్చు. అదే అంచున పల్చటి ప్లాస్టిక్ కవరులా పారదర్శకంగా కనిపిస్తే అది కొత్త తోక. దాన్ని ఫంగస్ అనుకుని మందులు పోయకండి. మాకు ఇప్పటికి రెండూ కనిపించలేదు. ఇవాళ పొద్దున నెమలి పైకి వచ్చి రెండు మేత గింజలు తిన్నాడు. మూడోది ఉమ్మేశాడు.

మావారు చట్టం వెతికారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, కేవలం వినోదం కోసం జంతువుల్ని కొట్లాటకి రెచ్చగొట్టడం నేరం. మనిషి కాక ప్రాణమున్న ప్రతిదీ ఆ చట్టంలో జంతువే, చేప కూడా. మొదటిసారి తప్పుకి ఆ చట్టంలో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. చదివి నోట మాట రాలేదు.

చేపకి ఏమైనా అయితే షాపుకి మోసుకెళ్ళకండి, ఫోటో తీసి చూపించండి. సీసా ఎవరి చేతికీ ఇవ్వకండి. లేబుల్ లేని మందు వద్దు. ప్లాస్టిక్ మొక్క కొంటే పాత నైలాన్ సాక్సు దాని మీద రుద్ది చూడండి, దారం లాగితే తోకనీ చింపుతుంది. బిల్లు పట్టుబట్టి తీసుకోండి, బిల్లుంటే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు ఇవ్వొచ్చు. నా దగ్గర బిల్లు లేదు.

ఇంకొకటి. ఆ కుర్రాడు తీసిన వీడియో ఎక్కడైనా తిరుగుతూ మీ ఫోన్‌కి వస్తే దయచేసి ఇంకొకరికి పంపకండి. అందులో నీలం చేప మా నెమలి. వెనకాల ఏడుస్తున్న గొంతు మా పాపది.