అమ్మ షాపులో జారిపడ్డ కేసు: డల్లాస్ దగ్గర మేం పెట్టుకున్న ఇంజురీ లాయర్, 5కి 4 స్టార్లు

మా అమ్మ ఖమ్మం నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన మూడో వారంలోనే ఇర్వింగ్‌లో ఒక గ్రాసరీ షాపులో ఫ్రీజర్ పక్కన నీళ్ల మీద కాలు జారి పడింది, మణికట్టు విరిగింది. మేనేజర్ ఐస్ ప్యాక్ చేతిలో పెట్టి పంపించేశాడు. తెలిసినవాళ్లంతా షాపులో పడింది కదా షాపువాళ్లే కట్టాలి అన్నారు, నేనూ అదే నమ్మి లాయర్ దగ్గరికెళ్లా.

మొదటి మీటింగ్ ఫ్రీ. కూర్చోగానే లాయర్ ఆవిడ అడిగింది, ఆ నీళ్లు ఎంతసేపటి నుంచి ఉన్నాయి అని. టెక్సస్‌లో షాపులో పడినంత మాత్రాన షాపు బాధ్యత అయిపోదంట, నీళ్లున్న సంగతి వాళ్లకి తెలిసైనా ఉండాలి, లేదా జాగ్రత్తగా చూసుకునేవాళ్లకి కనబడేంతసేపు అక్కడ ఉండైనా ఉండాలి, అది నిరూపించాల్సింది మనమే. స్టాఫ్ దగ్గర్లోనే ఉన్నారు అంటే సరిపోదని 2002లో టెక్సస్ సుప్రీంకోర్టే చెప్పింది. అదే రోజు సీసీ కెమెరా రికార్డింగ్ చెరపొద్దని షాపుకి లెటర్ పంపారు. తర్వాత చూస్తే 40 నిమిషాలుగా నీళ్లు కారుతున్నాయి, ఇద్దరు స్టాఫ్ దాటుకుంటూ వెళ్లారు. ఆ లెటర్ ఆలస్యమైతే మా కేసు లేదు, నా 4 స్టార్లలో 3 దానికే.

ఇంకెవరి మీద వేయొచ్చో కూడా ఓపిగ్గా చెప్పింది. స్టాఫ్ డ్యూటీలో చేసిన తప్పుకి యజమానే బాధ్యుడు, బయటి కాంట్రాక్టర్ చేసినదానికి మామూలుగా కాదు, అందుకే ఫ్రీజర్ రిపేర్ చేసింది ఎవరో కనుక్కున్నారు. బిల్డింగ్ ఓనర్ వైపు వెళ్లలేదు, లోపలి ఫ్లోర్ చూసుకోవాల్సింది అద్దెకున్న షాపువాళ్లే కాబట్టి.

అవతలి ఇన్సూరెన్స్ వాళ్లు మీ అమ్మ ఫోన్ చూస్తూ నడిచింది అన్నారు, నాకు చాలా కోపమొచ్చింది. కానీ అది ఊరికే అనేమాట కాదు, మన తప్పు ఎంత శాతమని తేలితే అంత కోసేస్తారు, 50 శాతం దాటితే పైసా రాదు. అందరూ చెప్పుకునే మెక్‌డొనాల్డ్స్ కాఫీ కేసులోనూ 1994లో న్యూమెక్సికో జ్యూరీ వేడి కాఫీ ఒలికి కాలిన పెద్దావిడకి 20 శాతం తప్పు వేసి 2 లక్షల డాలర్ల నష్టపరిహారాన్ని 1,60,000 చేసింది, ఆవిడవి థర్డ్ డిగ్రీ, అంటే చర్మం లోతుగా కాలిన గాయాలు, కాఫీ ఒలికితే కోట్లు ఇచ్చేశారు అనేవాళ్లు ఇది చెప్పరు.

ఫీజు మా అగ్రిమెంట్ ప్రకారం కోర్టుకి వెళ్లకముందు సెటిల్ అయితే మూడో వంతు, వెళ్తే 40 శాతం, ఓడితే ఫీజు లేదు. మాది కోర్టుకి వెళ్లకుండానే అయిపోయింది. మెడికల్ రికార్డుల ఖర్చులు వేరే, విజిటర్ ఇన్సూరెన్స్ కంపెనీ అమ్మ వైద్యానికి కట్టిన డబ్బు కూడా సెటిల్‌మెంట్ లోంచే వాళ్లకి తిరిగివ్వాలి, సంతకం పెట్టేముందే ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి, మాకు చివర్లో తెలిసింది. అమ్మ వీసా టైమ్ అయిపోయి ఖమ్మం వెళ్లిపోయినా కేసు ఆగలేదు, సంతకాలన్నీ ఆన్‌లైన్‌లోనే. టెక్సస్‌లో ఇలాంటి దావా వేయడానికి 2 ఏళ్ల గడువుంది.

స్టార్ తగ్గించింది ఎందుకంటే మొదటి మీటింగ్ తర్వాత లాయర్ గారు ఫోన్‌లో దొరకరు, అంతా కేస్ మేనేజరే, ఒకసారి మూడు వారాలు ఎవరూ పలకలేదు, అక్కడ అమ్మ రోజూ ఏమైందిరా అని అడుగుతుంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.