ఆరేళ్లుగా మేం వెళుతున్న సామాజిక ఆరోగ్య కేంద్రం: ఒక సమీక్ష

మా అమ్మకు షుగరు, బీపీ ఉన్నాయని 2019లో తేలినప్పటి నుంచి ఆమెను నెలకొకసారి మా ఊరికి 11 కిలోమీటర్ల దూరంలోని సామాజిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళుతున్నాను. మా చెల్లెలి తొలి కాన్పుకూ మొదట వెళ్లింది అక్కడికే. ఈ ఆరేళ్లలో చూసినదాన్ని బట్టి రాస్తున్నాను.

బాగా మారింది ఓపీ చీటీ దగ్గర. మొదట్లో ఉదయం 7 గంటలకే వెళ్లి వరుసలో చెప్పులు పెట్టి, 9 గంటలకు కిటికీ తెరిచేదాకా వేపచెట్టు కింద కూర్చునేవాళ్లం. ఇప్పుడు గోడ మీది క్యూఆర్ కోడ్‌ను ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) యాప్‌తో స్కాన్ చేస్తే వివరాలు నమోదై టోకెన్ వస్తోంది. దేశంలో 2022 అక్టోబరులో మొదలైన ఈ పద్ధతి మా దగ్గరికి ఆలస్యంగా వచ్చినా, అమ్మకు గంటకు పైగా నిరీక్షణ తప్పింది. స్మార్ట్‌ఫోను లేని వృద్ధుల కోసం పాత కిటికీని కూడా ఉంచడం సరైన నిర్ణయం. కాకపోతే అక్కడ కూర్చునే ఉద్యోగి సెలవు పెడితే ఫార్మసిస్టే వచ్చి చీటీలు రాయాలి, అంతసేపూ మందుల గది మూతపడుతుంది. టోకెన్ త్వరగా వచ్చినా, మందులిచ్చే మనిషి లేకపోతే ఆ పూటంతా అక్కడే గడిచిపోతుంది.

ఆ ఫార్మసిస్టు గురించి ఒక మాట చెప్పాలి. అమ్మకు చదువు రాదు, చూపూ తగ్గింది. అందుకని ఫార్మసిస్టు రాత్రి వేసుకోవలసిన మాత్రల అట్టకు ఒక మూల కత్తెరతో కత్తిరించి, అమ్మ వేలిని ఆ కోసిన చోట ఆనించి చూపిస్తారు. అమ్మ ఇంతవరకు మాత్రలు తారుమారు చేసుకోలేదు.

అసలు లోటు నిపుణుల దగ్గర ఉంది. ప్రమాణాల ప్రకారం 30 పడకల ఇటువంటి కేంద్రం మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 మందికి సేవలందించాలి. శస్త్రచికిత్స, జనరల్ మెడిసిన్, స్త్రీల, పిల్లల వైద్య నిపుణులతోపాటు మత్తు డాక్టరూ ఉండాలి. మా దగ్గర ఆపరేషన్ థియేటరు ఉంది, స్త్రీల వైద్యురాలు ఉన్నారు, మత్తు డాక్టరు మాత్రం వారానికి రెండు రోజులు డిప్యుటేషన్ మీద వస్తారు. ముందే అనుకున్న ఆపరేషన్లకు అది సరిపోతుంది కానీ, నొప్పులు డ్యూటీ చార్టు చూసుకుని రావు. చెల్లెలికి రాత్రి 1 గంటప్పుడు సిజేరియన్ తప్పదని తేలగానే డాక్టరమ్మ గ్లవ్స్ తీసేసి, థియేటరు తలుపు పక్కనే నిలబడి రిఫరల్ కాగితం రాశారు. 108లో జిల్లా ఆసుపత్రికి చేరాం, తల్లీబిడ్డా క్షేమం. అయినా ఆ ప్రయాణం తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అత్యవసర కాన్పుల కోసం ఎంబీబీఎస్ వైద్యులకు మత్తు ఇవ్వడంలో శిక్షణ ఇచ్చే కార్యక్రమం దేశంలో ఉంది. అలా శిక్షణ పొందిన ఒక వైద్యుణ్ణి ఇక్కడ నియమించి, కేంద్రం ఆవరణలోనే ఉండదగిన క్వార్టర్సు ఇస్తే, రాత్రివేళ రిఫరళ్లు చాలావరకు తగ్గుతాయని నా నమ్మకం.

షుగరు, బీపీ మందులకు, రక్తపరీక్షలకు, సాధారణ కాన్పుకు ఈ కేంద్రాన్ని నిస్సందేహంగా సూచిస్తాను. తొలి కాన్పు సిజేరియన్ అయిన వారు మాత్రం నెలలు నిండకముందే జిల్లా ఆసుపత్రిలో చూపించుకోవడం మేలు. చెల్లెలి రెండో కాన్పుకు మేం అలాగే చేశాం, పది రోజుల ముందే పట్నంలో గది అద్దెకు తీసుకుని.