తుప్పు పట్టిన ఓపినెల్ నంబర్ 8: బాగుచేసి మూడేళ్లు వాడాక

ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండల్లో 1890లో జోసెఫ్ ఓపినెల్ రూపొందించిన మడత కత్తి ఇది. ఉన్నవి ఐదే భాగాలు: బ్లేడు, కొయ్య పిడి, పిడి మెడకు ఉన్న లోహపు పట్టీ, ఇరుసు మేకు, బ్లేడు కదలకుండా లాకు వేసేందుకు 1955లో చేర్చిన తిరిగే రింగు. అందుకే ఎంత పాడైనా ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. నాకు దొరికింది 8.5 సెంటీమీటర్ల కార్బన్ స్టీలు బ్లేడున్నది. నిండా తుప్పు, అంచులో 2 మిల్లీమీటర్ల పెచ్చు, ఉబ్బిన పిడి.

అందరూ ముందు తుప్పు మీద పడతారు. మొదలుపెట్టాల్సింది కొయ్యతో. బీచ్ కొయ్య తేమ పీల్చి ఉబ్బితే బ్లేడును రెండు పక్కలా నొక్కేస్తుంది; బలవంతంగా లాగితే ఇరుసు వదులవుతుంది. సవోయ్‌వాళ్లయితే రింగు తిప్పి లాకు తీసి, పిడి వెనక కొసను బల్లకేసి తడతారు, బ్లేడు కాస్త బయటికొస్తుంది. అది ఆ పూటకే. గట్టి పరిష్కారం కావాలంటే సర్క్లిప్ ప్లైయర్‌తో (రింగులను విప్పదీసే పట్టకారు) రింగును వెడల్పు చేసి తీయాలి. స్ప్రింగులా ఎగురుతుంది, గుడ్డ కప్పి తీయండి. పిడిని వారంపాటు నీడన ఆరబెట్టి, 240 నంబరు శాండ్‌పేపరు మడిచి, బ్లేడు ఒదిగే గాడి లోపలి గోడలు రుద్దాలి. పది రుద్దుళ్లకోసారి బ్లేడు మడిచి చూడాలి. ఎక్కువ అరిగితే బ్లేడు ఊగుతుంది, ఆ కొయ్యను తిరిగి తేలేం. ఇరుసే వదులైతే మేకును ఇనుప దిమ్మ మీద ఆనించి చిన్న సుత్తితో నెమ్మదిగా తడితే చాలు.

పిడి పైభాగానికి అవిసె నూనె, పలచగా మూడు పూతలు, ప్రతిదీ బాగా ఆరాకే తర్వాతిది. కొబ్బరి నూనె ఆరదు, జిడ్డుగా మిగులుతుంది. గాడిలో నూనె వద్దు, కొవ్వొత్తి మైనం రుద్దండి. నూనె గుడ్డను ఉండచుట్టి పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరబెట్టాలి.

తుప్పుకు వెనిగర్‌లో తడిపిన టిష్యూను బ్లేడుకు మాత్రమే చుట్టి 20 నిమిషాలు ఉంచాలి. తర్వాత వంటసోడా నీళ్లతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి. అద్దంలా మెరిపించాలని రుద్దితే బ్లేడు మీది కిరీటం, చెయ్యి గుర్తు అరిగిపోతాయి. అది నాకసలు నచ్చని పని.

పెచ్చును మోటారు గ్రైండర్‌కు పెట్టొద్దు. పలచని అంచు నీలిరంగు తిరిగిందంటే ఉక్కు మెత్తబడ్డట్టే, ఇక పదును నిలవదు. 220 గ్రిట్ (గరుకు నంబరు; పెరిగేకొద్దీ నునుపు) సాన రాయి మీద అంచును నిలువుగా ఆనించి పెచ్చు పోయేదాకా అరగదీసి, ఒక్కో పక్కకు 20 డిగ్రీల వంపున కొత్త అంచు తీయాలి. ఆపైన 1000, చివర 3000 గ్రిట్ రాళ్లు. దీనికే రెండు గంటలు పట్టింది.

మూడేళ్లలో కూరగాయలు, పురికొస, అట్టపెట్టెలు, అన్నీ దీంతోనే. మామిడికాయ పులుపుకు బ్లేడు నల్లబడింది. ఆ నలుపును తీయకండి, ఎర్ర తుప్పును కొంతవరకు ఆపేది అదే. నిమ్మకాయ కోస్తే మొదట్లో ఇనుప వాసన వచ్చింది, నల్లబడ్డాక తగ్గింది. వానాకాలంలో కాస్త బిగుసుకుంటుంది. మైనం మళ్లీ రుద్దితే వదులవుతుంది. 1000 రాయి మీద నెలకోసారి ఐదు నిమిషాలు పెడితే టమాటా తొక్క జారకుండా తెగుతుంది.

పిడి ఇరుసు దగ్గర చీలి ఉంటే మాత్రం ఈ శ్రమ వద్దు. జిగురు అక్కడ నిలవదు, బ్లేడు వేళ్ల మీదికి మడుచుకునే ప్రమాదం ఉంది.